అన్నయ్య డీజిల్ కారు, నా పదకొండు కిలోమీటర్ల దారి

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆమె వయసు ముప్ఫై ఆరు. ఒక సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నారు. ఇన్నాళ్లూ ఆఫీసు బస్సులో వెళ్లివచ్చేవారు. ఈ మధ్య ఆ బస్సు ఆపేయడంతో కారు కొనక తప్పడం లేదు. ఇంటి నుంచి ఆఫీసుకు పదకొండు కిలోమీటర్లు. దారి పొడవునా సిగ్నళ్లే కాబట్టి ఉదయం నలభై నిమిషాలకు పైగా పడుతుంది, సాయంత్రం ఇంకొంచెం ఎక్కువే. రెండు నెలలకోసారి 260 కిలోమీటర్ల దూరంలో ఉన్న పుట్టింటికి వెళ్లివస్తారు. ఆ దారి దాదాపు అంతా హైవే. కారు నిలుపుకునే చోట ఛార్జింగ్ పెట్టుకునే వీలు లేదు గనుక ఎలక్ట్రిక్ బండి ఆలోచనను మొదట్లోనే వదిలేశారు.

ఆమె అన్నయ్య పెద్ద బండి కొనుక్కుంటూ, తన ఐదేళ్ల డీజిల్ కారును చెల్లెలికి బయటి ధరకన్నా తగ్గించి ఇస్తానన్నారు. అది 1,10,000 కిలోమీటర్లు తిరిగింది, సర్వీసింగ్ ఒక్కటీ తప్పలేదు, ఆయన చేతిలో లీటరుకు 22 కిలోమీటర్లు ఇస్తోంది. ఆమె చూసి ఉంచుకున్న కొత్త పెట్రోలు కారు, అదే ఆఫీసుకు వచ్చే ఒక తోటి ఉద్యోగిని దగ్గర లీటరుకు 13 ఇస్తోంది. ఏడాదికి పదివేల కిలోమీటర్లు వేసుకుంటే డీజిల్ 455 లీటర్లు, పెట్రోలు 769 లీటర్లు, అంటే 314 లీటర్ల మిగులు అని అన్నయ్య కాగితం మీద లెక్క వేసి ఇచ్చారు. భర్తకు ఇది నచ్చలేదు. డీజిల్ పొగ మంచిది కాదని, రేపోమాపో ఆ బళ్లను తిరగనివ్వరని ఆయన వాదన, పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కారు కొందామంటున్నారు. దీనికి తోడు, రెండేళ్లలో ఆఫీసు నలభై ఐదు కిలోమీటర్ల దూరానికి మారుతుందన్న మాట ఒకటి వినిపిస్తోంది. ‘కాదంటే అన్నయ్య నొచ్చుకుంటాడు, ఔనంటే మా వారు ముభావంగా ఉంటారు. ఇద్దరిలో ఎవరి లెక్క సరైనదో మీరే చెప్పండి’ అని ఉత్తరం ముగించారు. సంతకం కింద మరో రెండు వాక్యాలు చేర్చారు: ‘గత నెల వదిన ఆ కారును మూడు వారాలు ఊళ్లో తిప్పితే ఏదో నారింజ రంగు దీపం వెలిగిందట, అన్నయ్య హైవే మీద అరగంట తోలితే ఆరిపోయిందట. అదేమీ పెద్ద విషయం కాదన్నాడు.’

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ క్రమంలోనే చదివాను. రెండోసారి మాత్రం సంతకం కింద రాసిన ఆ వాక్యాల నుంచి వెనక్కి చదువుకుంటూ వచ్చాను, ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. ఐదేళ్లపాటు ఏ ఇబ్బందీ పెట్టని బండి, ఊళ్లో మూడు వారాలు తిరిగేసరికి దీపం వెలిగించింది. మీ వదినగారు ఆ మూడు వారాల్లో దానిని తిప్పిన తీరుకూ, మీరు రాబోయే ఏళ్లన్నీ తిప్పబోయే తీరుకూ పెద్ద తేడా ఉండదు.

ఆ దీపం సంగతికి వచ్చే ముందు మీ అన్నయ్యగారి కాగితాన్ని చూద్దాం. ఆయన వేసిన భాగహారంలో తప్పు లేదు. ఆయన మిమ్మల్ని తప్పుదోవ పట్టించాలనుకోలేదని కూడా నాకు స్పష్టంగానే తోస్తోంది. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, 22 అనే అంకె ఆయనకు హైవే మీద వచ్చినది, 13 అనే అంకె మీ తోటి ఉద్యోగినికి సిగ్నళ్ల మధ్య వచ్చినది. రెండు బళ్లను పోల్చుతున్నానని అనుకుంటూ ఆయన రెండు రోడ్లను పోల్చారు. బండి చేతులు మారినప్పుడు తాళాలూ కాగితాలూ వస్తాయి గానీ మైలేజీ రాదు. అది ఆ దారికీ, ఆ వేగానికీ, ఒక్కో ప్రయాణం పొడవుకూ చెందినది.

కాబట్టి లెక్కను మీ దారి మీద మళ్లీ వేద్దాం. ఇంధనం ధరలు చోటును బట్టి, నెలను బట్టి మారుతుంటాయి గనుక డబ్బుల్లో కాకుండా లీటర్లలోనే వేస్తాను. మీరు లెక్కల మనిషే కాబట్టి ధరలతో గుణించుకోవడం మీకు కష్టం కాదు. ఆఫీసుకు రోజూ 22 కిలోమీటర్లు, ఏడాదికి 240 పనిదినాలు అనుకుంటే 5,280. పుట్టింటికి ఆరుసార్లు వెళ్లి రావడానికి 3,120. మీ పదివేలలో మిగిలిన 1,600 ఊళ్లో తిరుగుడే. అంటే సుమారు 6,900 కిలోమీటర్లు ట్రాఫిక్‌లో, 3,100 కిలోమీటర్లు హైవే మీద. అదే డీజిల్ కారు మీ ట్రాఫిక్‌లో 22 ఇవ్వదు. 15 లేదా 16 ఇస్తే సంతోషించవచ్చు. పెట్రోలు కారు ట్రాఫిక్‌లో 13 అని మీకు తెలుసు. హైవే మీద అదే బండి 18 ఇవ్వడం కష్టం కాదు. ఈ అంకెలతో చూస్తే ఏడాదికి డీజిల్ 586 లీటర్లు, పెట్రోలు 703 లీటర్లు. తేడా 314 కాదు, 120 లోపే. నెలకు పది లీటర్లు.

నెలకు పది లీటర్లు తీసిపారేయదగినదని నేను అనను. అయితే ఆ పది లీటర్ల కోసం మీరు ఏమేమి నెత్తికెత్తుకుంటున్నారో తెలిశాక, అది లాభమో కాదో మీరే తేల్చుకోవచ్చు.

డీజిల్‌కు అన్యాయం చేయకుండా చెప్పాలంటే, దాని పొదుపు ప్రచారంలో పుట్టినది కాదు. పెట్రోలు ఇంజిన్ గాలినీ ఇంధనాన్నీ కలిపి పది పన్నెండు రెట్లు కుదించి, నిప్పురవ్వతో అంటిస్తుంది. అంతకుమించి కుదిస్తే మిశ్రమం తనంతట తానే ముందుగా అంటుకుని ఇంజిన్ కొట్టుకుంటుంది. డీజిల్ ఇంజిన్ ఒక్క గాలినే పదహారు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా కుదించి, ఆ వేడిలోకి ఇంధనాన్ని చిమ్ముతుంది. అంతగా కుదించడం వల్లే ఇంధనంలోని శక్తి పెట్రోలు ఇంజిన్‌లో కన్నా ఎక్కువ శాతం చక్రాలకు చేరుతుంది. దీనిని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో పరీక్షకు నిలిపిన ఇంజిన్ ఇంధన శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చగలిగింది. ఆనాటి ఆవిరి యంత్రాల్లో చాలావాటికి అందులో సగం కూడా చేతకాలేదు. పైగా పెట్రోలు ఇంజిన్ నెమ్మదిగా నడిచేటప్పుడు గాలి దారిని ఒక రేకుతో మూసి, ఆ మూత మీద తానే పెనుగులాడుతూ కొంత శక్తిని వృథా చేసుకుంటుంది. డీజిల్‌కు ఆ పెనుగులాట చాలా తక్కువ, అందుకే సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా అది పొదుపుగానే తాగుతుంది. ట్రాఫిక్‌లో డీజిల్ బండి పెట్రోలు బండి కంటే ఎక్కువ తాగుతుందని కొందరు చెప్పే మాట నిజం కాదు. ట్రాఫిక్‌లో దాని బాధ వేరు.

ఇంకొక చిన్న సంగతి కూడా లెక్కలో ఉండాలి. లీటరు అనే కొలత డీజిల్‌ వైపు కాస్త మొగ్గుతుంది. డీజిల్ పెట్రోలు కంటే చిక్కనిది, ఒక లీటరులో పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. మండినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ మేరకు ఎక్కువే: లీటరు పెట్రోలుకు సుమారు 2.3 కిలోలు, లీటరు డీజిల్‌కు 2.6 కిలోలకు పైన. అందువల్ల లీటర్లలో కనిపించే తేడా అంతా ఇంజిన్ గొప్పతనమని అనుకోకూడదు.

ఇక దీపం. అది ఏ గుర్తుతో వెలిగిందో మీరు రాయలేదు. కానీ ఊళ్లో వరుసగా తిరిగితే వెలిగి, హైవే మీద అరగంట నడిస్తే ఆరిపోయే నారింజ దీపం అనగానే డీజిల్ బళ్లు బాగుచేసే ఏ మెకానిక్‌కైనా మొదట గుర్తొచ్చేది డీపీఎఫ్. డీజిల్ మండినప్పుడు వచ్చే మసిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే పింగాణీ జల్లెడ అది; పొగగొట్టంలో ఉంటుంది. పట్టిన మసిని అది ఎప్పటికప్పుడు కాల్చేసుకోవాలి. అందుకు దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద ఇంజిన్ కష్టపడుతున్నప్పుడు పొగ వేడికే మసి కొంత కాలిపోతుంది. మిగిలినదాన్ని కాల్చడానికి కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి ఇంజిన్ కొంచెం ఇంధనాన్ని ఆలస్యంగా చిమ్మి, ఆ వేడిని జల్లెడ దాకా పంపుతుంది. అది ముగియడానికి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా, ఒక మాదిరి వేగంతో ప్రయాణం సాగాలి.

మీ ఉదయపు ప్రయాణంలో సగటు వేగం గంటకు పదహారు కిలోమీటర్లు. డీజిల్ ఇంజిన్ వేడిని తక్కువగా వృథా చేస్తుంది కాబట్టి అది వేడెక్కడం కూడా ఆలస్యమే. దాని సుగుణమే ఇక్కడ దానికి అడ్డం తిరుగుతుంది. జల్లెడ మసిని కాల్చడం మొదలుపెట్టే సమయానికి మీరు ఆఫీసుకు చేరి తాళం తిప్పేస్తారు. సాయంత్రం మళ్లీ మొదటి నుంచి మొదలు. ఇలా సగంలో ఆగినప్పుడల్లా, మసి కాల్చడానికి చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండరు గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, దాని మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ఆయిల్ పెరగడం మంచిదేగా అనుకుని ఊరుకునేవాళ్లను నేను చూశాను. పలచబడిన ఆయిల్‌తో నడిచే టర్బోకు (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం), బేరింగులకు అది నెమ్మదిగా పడే దెబ్బ.

మీ అన్నయ్యగారు అరగంట హైవే మీద తోలి దీపాన్ని ఆర్పడం సరైన పనే, ఆయనకు ఆ బండి తెలుసు. ‘పెద్ద విషయం కాదు’ అన్న మాట కూడా ఆయన విషయంలో నిజం. ఏడాదికి 22,000 కిలోమీటర్లు, అదీ హైవే మీద తిరిగే మనిషికి ఆ దీపం ఐదేళ్లకోసారి వచ్చే చుట్టం. మీకు అది పక్కింట్లో కాపురం ఉంటుంది. రెండు నెలలకోసారి పుట్టింటికి వెళ్తాను కదా, అప్పుడు కాలిపోతుందిలే అనుకోవచ్చు. కానీ ఆ రెండు నెలల్లో ఊళ్లోనే మీరు వెయ్యి కిలోమీటర్లకు పైగా తిరుగుతారు. ఈలోగా జల్లెడ రెండు మూడుసార్లు నిండవచ్చు.

దీనికి విరుగుడు ఉంది. వారానికొకసారి, ఆదివారం పొద్దున్నే అనుకోండి, ఒక నలభై కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద గంటకు అరవై డెబ్భై వేగంతో, ఇంజిన్ మరీ మందంగా తిరగకుండా ఒక గేరు తక్కువలో నడిపి రావడం. చాలామంది అలాగే చేస్తూ ఆ బళ్లను చక్కగా కాపాడుకుంటున్నారు. కానీ లెక్క చూడండి: వారానికి నలభై చొప్పున ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు, అంటే లీటరుకు 22 వచ్చినా తొంభై లీటర్లు. మీకు మిగిలేది 117, అందులో తొంభై కేవలం జల్లెడ శుభ్రం చేసుకోవడానికే పోతే మిగిలేది ఏడాదికి ఇరవై ఏడు లీటర్లు. దానికి తోడు యాభై ఆదివారాలు.

జల్లెడ ఒక్కటే అయితే ఇంత వివరంగా రాసేవాణ్ని కాను. కాలిన మసి బూడిదను మిగులుస్తుంది, ఆ బూడిద ఎంత వేడికీ కాలదు. 1,10,000 కిలోమీటర్ల తర్వాత అందులో ఎంతోకొంత పేరుకునే ఉంటుంది, కాబట్టి కొత్త జల్లెడకన్నా ఇది త్వరగా నిండుతుంది. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు నెమ్మది ప్రయాణాల్లో మసి పట్టి బిగుసుకుంటుంది. డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్లు అత్యధిక పీడనంతో పనిచేస్తాయి, కల్తీ డీజిల్‌ను అసలు సహించవు. హైవే మీద పెరిగిన క్లచ్ ఇప్పటిదాకా సుఖంగా ఉండి ఉంటుంది గానీ, మీ సిగ్నళ్ల దగ్గర దాని ఆయుష్షు వేరే తీరున కరుగుతుంది. వీటిలో ఏ ఒక్కటి మార్చాల్సి వచ్చినా, లేదా జల్లెడే మార్చాల్సి వచ్చినా, మీరు ఏళ్ల తరబడి మిగుల్చుకున్న లీటర్లు ఒక్క బిల్లులో వెళ్లిపోతాయి. ఇవన్నీ మీకు తప్పక జరుగుతాయని కాదు. జరిగితే ఎవరి మీద పడతాయో తెలిసి దిగాలని.

మీ వారి మాటలో ఎంత నిజం ఉంది? పొగ విషయంలో చాలా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. 2015లో ఫోక్స్‌వాగన్ సంస్థ పరీక్షలో ఒకలా, రోడ్డు మీద మరోలా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్‌ను డీజిల్ కార్లలో అమర్చినట్లు బయటపడ్డాక ఈ ఇంజిన్ మీద నమ్మకం బాగా దెబ్బతింది. అయితే జల్లెడ సక్రమంగా పనిచేస్తున్న ఐదేళ్ల బండిని, నల్లపొగ కక్కే పాత బండిని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. నిషేధాల విషయంలో ఆయన భయం కొంత తొందరపాటుదే అయినా, దాని దిశ సరైనదే: నగరాలు నియమాలు పెట్టినప్పుడల్లా డీజిల్ మీదే ముందుగా, గట్టిగా పెడుతున్నాయి. లండన్‌లో 2019 నుంచి అమలవుతున్న కాలుష్య నియంత్రణ మండలంలో పెట్రోలు కారుకు యూరో 4 అనే పొగ ప్రమాణం చాలు, డీజిల్ కారుకు అంతకన్నా కఠినమైన యూరో 6 కావాలి. ఢిల్లీలో గడువులు పెట్టినప్పుడు పెట్రోలు బళ్లకు పదిహేనేళ్లు ఇచ్చి డీజిల్‌ బళ్లకు పదేళ్లే ఇచ్చారు. మీ ఊళ్లో ఇప్పుడు ఏ నియమమూ లేకపోయినా, మీరు మళ్లీ అమ్ముకోవాలనుకున్న రోజున కొనేవాడు ఈ భయాన్ని ధరలో తగ్గించుకునే అడుగుతాడు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మీరు రెండో మూడో ఉన్నాయని రాశారు, నాకు నాలుగు కనిపిస్తున్నాయి.

అన్నయ్యగారి కారునే తీసుకోవడం మొదటిది. దీనిని నేను కొట్టివేయను. ఎలాంటి బండో తెలిసి కొనడం పాత బళ్ల వ్యాపారంలో దొరకని అదృష్టం. ఎవరు నడిపారో, ఎక్కడ నడిపారో, ఎప్పుడెప్పుడు ఆయిల్ మార్చారో మీకు తెలుసు. తీసుకోదలిస్తే ముందు ఆ కంపెనీ బళ్లకు సరిపడే స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గర చూపించండి. జల్లెడలో మసి, బూడిద ఎంత ఉన్నాయి, చివరిసారి పూర్తిగా కాలి ఎన్ని కిలోమీటర్లయింది, దాని ముందూ వెనుకా పీడనంలో తేడా ఎంత, ఇంజెక్టర్ల నుంచి వెనక్కి కారే డీజిల్ ఎంత, ఇవి అడగండి. తర్వాత జల్లెడకు సరిపడే తక్కువ బూడిద ఆయిలే పోయించండి, అదీ కంపెనీ చెప్పిన గడువుకంటే ముందుగానే. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ మామూలు కంటే వేగంగా తిరుగుతున్నా, ఫ్యాను హోరుమంటున్నా, కాలిన వాసన వస్తున్నా, మసి కాలుతోందని గుర్తు. ఆ సమయంలో ఇంటి ముందుకు వచ్చేసినా ఇంకో చుట్టు తిరిగి రండి. అందులో పొగను శుభ్రం చేసే యూరియా ద్రావణం పోసే ట్యాంకు కూడా ఉంటే దానిని అడుగంటనివ్వవద్దు, అది పూర్తిగా ఖాళీ అయితే చాలా బళ్లు మళ్లీ స్టార్ట్ కావు. ఏదో ఒక రోజు ఎవరో ఒక మెకానిక్ ‘ఆ జల్లెడ పీకేస్తే పీడ వదులుతుంది’ అంటాడు. ఒప్పుకోకండి. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, పైగా ఆ మసి మీ వెనుక స్కూటర్ మీద వచ్చేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

ఈ దారిలో మరొక ఖర్చు ఉంది, అది లీటర్లకు అందదు. బయటివాళ్ల దగ్గర కొన్న బండి పాడైతే తిట్టుకుని బాగుచేయించుకుంటాం. అన్నయ్య ఇచ్చిన బండి పాడైతే మీరు ఆయనకు చెప్పలేరు, చెప్పకుండా ఉండలేరు. మీరు మామూలుగా ‘బండి షెడ్డులో ఉంది’ అన్నా ఆయనకు అది ఫిర్యాదులా వినిపిస్తుంది. మీ ఉత్తరంలో ఆయన గురించి మీరు రాసిన తీరు చూస్తే ఈ సంగతికి మిగిలినవాటికంటే ఎక్కువ బరువు ఇవ్వాలనిపిస్తోంది.

రెండోది మీరు చూసుకున్న కొత్త పెట్రోలు కారు. మీ దారికి అది ఏ గొడవా లేని బండి. పెట్రోలు ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది, దాని పొగ ఎక్కువ వేడిగా ఉంటుంది కాబట్టి కొన్నింటిలో ఉండే మసి జల్లెడ కూడా పెద్దగా ఇబ్బంది పెట్టదు. దీనిలోని లోటు మొదట్లో పెట్టే డబ్బు. మీ అన్నయ్యగారి బండికీ దీనికీ ఉన్న ధర తేడా చిన్నది కాదు, కొత్త బండి మొదటి మూడేళ్లలో విలువ కోల్పోయే వేగమూ చిన్నది కాదు.

మూడోది మీ వారు చెప్పిన హైబ్రిడ్. మీ దారి లాంటి దారికే దానిని కనిపెట్టారా అనిపిస్తుంది. నెమ్మదిగా కదిలేటప్పుడు, ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ ఆగిపోయి మోటారు నడుపుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా వృథాగా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి చేరుతుంది, దానికి ఛార్జింగ్ ప్లగ్గు అక్కర్లేదు. ట్రాఫిక్‌లో 22, హైవే మీద 20 వేసుకుంటే మీకు ఏడాదికి 470 లీటర్లు సరిపోతాయి, అంటే డీజిల్‌కన్నా కూడా వంద లీటర్లకు పైగా తక్కువ. పొదుపు ఒక్కటే మీ లక్ష్యమైతే ఈ పందెంలో గెలిచేది ఇదే, డీజిల్ కాదు. కానీ దాని ధర పెట్రోలు కారుకన్నా ఎంత ఎక్కువో చూసి, ఆ తేడాను లీటరు పెట్రోలు ధరతో భాగించండి. వచ్చిన లీటర్లను 233తో భాగిస్తే ఎన్నేళ్లకు తిరిగి వస్తుందో తెలుస్తుంది. ఆరేడేళ్లు దాటితే, మీరు ఆ బండిని అంతకాలం ఉంచుకుంటారా అని మీ వారిని అడగండి.

నాలుగోది మీ ఇంట్లో ఎవరూ ఎత్తనిది. మీరు పాత డీజిల్‌ను కొత్త పెట్రోలుతోనూ కొత్త హైబ్రిడ్‌తోనూ పోలుస్తున్నారు, అందుకే పాత డీజిల్ చౌకగా కనిపిస్తోంది. మూడు నాలుగేళ్లు వాడిన, తక్కువ తిరిగిన పెట్రోలు కారుతో పోల్చి చూడండి. దాదాపు అన్నయ్యగారు చెప్పిన ధరకే దొరికితే, నెలకు పది లీటర్లు ఎక్కువ పోసుకుని ఆ జల్లెడ చింత లేకుండా బతకవచ్చు. ఇందులో ఉన్న చిక్కల్లా ఆ బండి గతం మీకు తెలియకపోవడమే; అందుకే కొనే ముందు ఖర్చుకు వెనుకాడకుండా మీరు నమ్మే మెకానిక్‌తో పూర్తిగా పరీక్ష చేయించాలి.

ఆఫీసు మారే సంగతిని నేను వీటన్నిటికీ వెలుపల ఉంచుతున్నాను. నలభై ఐదు కిలోమీటర్లు, అదీ ఖాళీ రోడ్డు మీద రోజూ వెళ్లివచ్చే రోజు వస్తే నేను ఇంతవరకు రాసినదంతా తలకిందులవుతుంది. ఏడాదికి పాతికవేల కిలోమీటర్లు దాటి, జల్లెడ తనంతట తాను శుభ్రపడుతూ ఉంటుంది, మీ అన్నయ్యగారి కాగితం మీకూ వర్తిస్తుంది. కానీ అది ఇప్పటికి ఒక వదంతి. అది నిజమయ్యేలోగా రెండేళ్ల ట్రాఫిక్‌ను ఆ బండే భరించాలి. వ్రాతపూర్వకంగా ఉత్తర్వు వచ్చి, తేదీ కూడా ఆరు నెలల లోపే ఉంటే తప్ప దానిని లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది.

అన్నయ్యగారితో ఎలా మాట్లాడాలన్నది మీరు అసలు అడగకుండా అడిగిన ప్రశ్న. ఔననీ కాదనీ ఇప్పుడే చెప్పవద్దు. ‘అన్నయ్యా, ఒక మూడు వారాలు నా దారిలో నడిపి చూస్తాను, డీజిల్ నేనే పోయించుకుంటాను’ అని అడగండి. చెల్లెలు బండిని కాదనలేదు, బండి గురించి తెలుసుకోవాలంటోంది; ఏ అన్నకూ ఇందులో నొచ్చుకునేందుకు ఏమీ ఉండదు. మొదటి రోజు ట్యాంకు నిండా పోయించి మీటరు రాసుకోండి, చివరి రోజు అదే బంకులో మళ్లీ నిండా పోయించి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. డ్యాష్‌బోర్డు చూపే మైలేజీ సాధారణంగా కొంచెం ఎక్కువ చెబుతుంది, దానిని నమ్మవద్దు. ఆ మూడు వారాల్లో ఆదివారం షికార్లు పెట్టుకోకండి, పుట్టింటికీ వెళ్లకండి. మీ మామూలు దారిని దానికి చూపించండి. ముందూ వెనుకా స్కానర్‌తో చూపిస్తే జల్లెడ ఎంత నిండిందో అంకెల్లో తెలుస్తుంది. దీపం వెలగకుండా, లీటరుకు 17 దాటి ఇస్తే నా అంచనా మీ దారికి మరీ కఠినమైనదని ఒప్పుకుంటాను, అప్పుడు మీ అన్నయ్యగారి ప్రతిపాదన బలపడుతుంది. దీపం వెలిగితే, ఆ బండి నా దారికి సరిపోదని మీరు ఆయనకు చెప్పనక్కరలేదు. ఆయనే వచ్చి హైవే మీద అరగంట తోలి ఆర్పుతారు, ఆ అరగంటలో ఆయనకే అర్థమవుతుంది.

ఒకవేళ కొనకూడదని తేలితే, దానిని హైవే మీద తిరిగేవాళ్లకు అమ్మడానికి ఆయనకు సాయం చేయండి. ఆ బండిలో లోపం లేదు, దానికి ఇంకా లక్ష కిలోమీటర్ల మంచి కాలం ఉండవచ్చు, సరైన దారి దొరికితే.

మూడు వారాల తర్వాత అంకెలతో మళ్లీ రాయండి. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు, దీపం ఎన్ని సార్లు. బండిని తీసుకున్న రోజున, తిరిగి ఇచ్చిన రోజున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ బయటికి తీసి, ఆయిల్ ఏ గీత దగ్గర ఉందో అది కూడా రాయండి.